ఎవరు గెలిచారని అడగొద్దు

శుక్రవారం పొద్దున నెరిడా పాస్కో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా కొత్త ప్రోగ్రామ్‌ను, ఊరివాళ్ళు పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడుకునే బౌల్స్ క్లబ్బు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మధ్యాహ్నం పక్క వీధి బేకరీలో సముద్రపు గుల్లల మాంసం కూరిన 'స్కాలప్ పై' ఒకటి వేడివేడిగా తినాలి. సాయంత్రం క్లబ్బులో ట్రే నిండా మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీ సాఫీగా జరిగితే, సోమవారం నుంచి ఫెర్గస్ టలీ నోరు మూతపడుతుంది. మూడింటిలో ఆమెకు మూడోదాని మీదే ఆశ ఎక్కువ.

టెర్న్ పాయింట్‌లో హార్డ్‌వేర్ కొట్టు మేడ మీద ఉంటుంది వాళ్ళ ఆఫీసు. టాస్మేనియా ఉత్తర తీరంలో చిన్నాచితకా క్లబ్బులన్నిటికీ ప్రోగ్రాములు రాసిపెట్టే కంపెనీ. అందులో నెరిడాకూ ఫెర్గస్‌కూ మూడు వారాలుగా ఒకటే గొడవ, గెట్టర్ల గురించి, సెట్టర్ల గురించి.

గొడవ వినడానికి చిన్నదే. ప్రోగ్రామ్‌లో ప్రతి వస్తువూ తన కడుపులో కొన్ని సంగతులు దాచుకుంటుంది. లాటరీ అనే వస్తువు ఉందనుకోండి, దాని కడుపులో గెలిచినవాళ్ళ పేరు ఉంటుంది. బయటివాళ్ళు ఆ పేరు చదవాలంటే గెట్టర్ ద్వారా చదవాలి, మార్చాలంటే సెట్టర్ ద్వారా మార్చాలి. ఇది బాహాటంగా జరగాలంటాడు ఫెర్గస్. 'విజేతను తెచ్చిపెట్టు' అని నిండుగా పేరు పెట్టి, పక్కన రెండు బ్రాకెట్లు తగిలిస్తే, చదివేవాడికి ఇక్కడేదో పని జరుగుతోందని తెలుస్తుందట. నెరిడాకు ఆ ఆర్భాటం గిట్టదు. లాటరీ, చుక్క, విజేత. అంతే. మిగిలిన తతంగమంతా తెర వెనక దానంతటదే జరిగిపోవాలి, చదవడానికి హాయిగా ఉండాలి అంటుంది.

"ఫ్రిజ్‌లో పాలున్నాయో లేదో చూడ్డానికి కూడా నువ్వు దరఖాస్తు పెట్టిస్తావ్ ఫెర్గస్," అంది ఆ పొద్దున కూడా.

"నీ ఫ్రిజ్ వెనకాల కూర్చుని ఎవరైనా ఆవుని పితుకుతున్నారేమో, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు ఫెర్గస్.

"పాలొస్తే చాలదూ?"

"ఎవడి ఆవో తెలియొద్దూ?"

కంపెనీ యజమానురాలు ప్రూ హాడ్లీ ఇక విసిగిపోయింది. "ఇదిగో, ఇవాళ్టి లాటరీ నెరిడా రాసిన పద్ధతిలోనే జరుగుతుంది. ఏ గోలా లేకుండా నడిస్తే అదే మన ఆఫీసు పద్ధతి. గోల అయిందా, ఫెర్గస్‌ది. ఆ తర్వాత బ్రాకెట్ల మాట నా చెవిన పడిందంటే ఇద్దర్నీ కింద కొట్లో మేకులమ్ముకోమంటా," అని తలుపేసుకుంది.

నెరిడా రాసినదాన్ని తప్పులు పట్టడానికి ఫెర్గస్ అంతకుముందే ఒకసారి చదివాడు. పక్కన బారెడు వ్యాఖ్యలు రాశాడు. అన్నీ బ్రాకెట్ల గురించే. వాటన్నిటికీ నెరిడా దీటుగా జవాబులు రాసింది. అవీ బ్రాకెట్ల గురించే.

ప్రోగ్రామ్ ఎక్కిస్తుండగా నాన్న ఫోన్ చేశాడు. క్లారీ పాస్కో క్లబ్బులో శుక్రవారం లాటరీ పేర్లు పిలిచే మనిషి. నెరిడా పుట్టకముందు నుంచీ చెక్క పీపా తిప్పి, చీటీ తీసి, ఊరంతా వినేలా పిలుస్తున్నాడు. పోయిన నెల పీపా పిడి విరిగింది. మరమ్మతు చేయించేలోపల మా అమ్మాయి ప్రోగ్రామ్ రాస్తుందని కమిటీ ముందు గొప్పగా చెప్పింది ఆయనే. చెప్పిన రోజు నుంచీ ఆయనకు నిద్ర లేదు.

"అమ్మడూ, నీ మెషీను నా పరువు తీయదు కదా?"

"లేదు నాన్నా. వందసార్లు చూశాను. నొక్కితే పేరొస్తుంది."

"అది కాదే. ఈ ఊళ్ళో చర్చి చందా లెక్కల్ని కూడా అనుమానించారు గానీ, నా లాటరీని ఎవరూ వేలెత్తి చూపించలేదు. నేను పిలిచిన ట్రేలు వరసగా పెడితే ఇక్కణ్ణుంచి లాన్సెస్టన్ దాకా వస్తాయి. ఒక్కటైనా మనింటికొచ్చిందా?"

రాలేదు. రాకూడదు కూడా. పిలిచేవాడి ఇంటికి ట్రే వెళ్ళకూడదని రూలు పెట్టించింది క్లారీయే. మిగతా ఊరు శనివారం పొద్దున గెలిచిన సాసేజీలు కాల్చుకుంటుంటే, ఆయన మాత్రం కొన్న సాసేజీలు కాల్చుకుంటాడు. ఆ సంగతి ఎప్పుడూ కాస్త గర్వంగా, కాస్త దిగులుగా చెప్పుకుంటాడు.

సాయంత్రం నెరిడా వెళ్ళేసరికి హాలు నిండిపోయింది. వేదిక మీద బల్లపై మూడు ట్రేలు, ప్లాస్టిక్ కాగితం కింద మెరుస్తున్నాయి: ఒకదాంట్లో గొర్రె పక్కటెముకల చాప్సు, ఒకదాంట్లో సాసేజీలు, ఒకదాంట్లో పంది మాంసపు బేకన్. క్లారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్లబ్బు టోపీ పెట్టుకుని, కూతురిచ్చిన టాబ్లెట్‌ను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక గోడ మీద పెద్ద తెర. గెలిచినవాళ్ళ ఫోనుకు 'మీరు గెలిచారు, వేదిక దగ్గరకు రండి' అని సందేశం వెళ్తుంది. ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు తమ ఫోన్లో 'ఎవరు గెలిచారు?' అన్న చోట నొక్కి చూసుకోవచ్చు. ఇదంతా నెరిడా సరదాపడి పెట్టిన ఏర్పాటు.

"మొదటి ట్రే, చాప్సు!" అన్నాడు క్లారీ. టాబ్లెట్ నొక్కాడు. "ఐవీ ట్రెంబాత్!"

హీటర్ పక్కన కూర్చున్న ఐవీ ట్రెంబాత్ తల ఎత్తింది గానీ కదల్లేదు. ఆ క్లబ్బులో పేరు మూడుసార్లు పిలుస్తారు. మూడోసారికీ రాకపోతే చీటీ చెల్లదు. చీటీల రోజుల్లో క్లారీ ఆ మూడుసార్లూ చీటీని చేయి చాచి పట్టుకుని, మళ్ళీ మళ్ళీ చదివి పిలిచేవాడు. ఇప్పుడూ అలాగే చదవబోయాడు. ఈలోగా టాబ్లెట్ కునుకు తీసింది. దాన్ని లేపడానికి వేలితో ఒకటి తట్టాడు.

"హెంక్ వాన్ డైక్!"

అనేశాక గానీ ఆయనకు తేడా తెలియలేదు. హెంక్ అప్పటికే బీరు గ్లాసుతో లేచాడు. తెర మళ్ళీ ఆరింది. క్లారీ కంగారుగా ఇంకోసారి తట్టాడు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు కంటికి కనబడింది కనబడినట్టు పిలిచేసింది.

"గావిన్ మఫెట్!"

గావిన్ బార్ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ట్రేకు ఒక కొస హెంక్, ఒక కొస గావిన్ పట్టుకున్నారు. వాళ్ళ తలల పైన గోడ తెర మీద మాత్రం 'డాఫ్నీ లూథర్' అని అడుగెత్తు అక్షరాలతో వెలుగుతోంది. డాఫ్నీ కూడా ఫోన్ ఊపుకుంటూ బయల్దేరింది.

"క్లారీ, ఒక్క ట్రేకి ఎంతమందిని పిలుస్తావయ్యా?" అంది క్లబ్బు కార్యదర్శి నోలీన్ స్టబ్స్.

"నేను పిలవట్లేదు నోలీన్. ఇది పిలుస్తోంది."

"ఏదీ, ఇటివ్వు." నోలీన్ టాబ్లెట్ లాక్కుని తట్టి చూసింది. అందులో ఇంకో పేరుంది. నమ్మకం కుదరక తన ఫోన్ తీసి చూసింది. అందులో మరో పేరుంది. అది చూసి పక్కవాళ్ళు తమ ఫోన్లు తీశారు. వాళ్ళను చూసి వాళ్ళ పక్కవాళ్ళు తీశారు. ఎవరో చూసినప్పుడల్లా హాల్లో ఎక్కడో ఒకచోట ఫోన్ టింగుమంటోంది, ఒక మనిషి లేస్తున్నాడు. బాత్రూం లోపల్నుంచి ఒకాయన తడి చేతుల్తో బయటికొచ్చి, "నేనేనంట!" అన్నాడు.

"క్యూలో నిలబడు," అన్నాడు హెంక్.

పక్క బల్ల దగ్గర నెరిడా లాప్‌టాప్ మీదికి వంగింది. తెరలన్నీ ఒకదానితో ఒకటి కలవడం లేదేమో అనుకుంది. అసలు పేరేదో తెలిస్తే మిగతావి సరిచేయవచ్చని, ప్రోగ్రామ్‌లో ఒక వరుస కలిపింది: ఎవరు గెలిచారో నాకూ చూపించు. చూపించింది. ఆమె వెనకాల ఒక పెద్దమనిషి, "నేనా?" అంటూ కుర్చీ వెనక్కి తోశాడు. నెరిడా మళ్ళీ చూసింది. ఆయన పక్కనున్నావిడ లేచింది. నెరిడాకు భయం వేయాల్సిన చోట వింతగా అనిపించింది. తాను చూస్తేనే జరుగుతోంది. మరి చూడకుండా ఎలా కనుక్కోవడం?

"బ్రాకెట్లు," అంది ఒక గొంతు తల మీద నుంచి. ఫెర్గస్. అతని మొహం పెళ్ళివారి మొహంలా వెలిగిపోతోంది.

"ఇప్పుడు కాదు ఫెర్గస్."

"ఇప్పుడే. నా పద్ధతిలో రాసింది తెచ్చాను." జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా?"

"మబ్బు పడితే గొడుగు పట్టుకుని తిరగమా? తప్పుకో."

నెరిడా తప్పుకుంది. ఓడిపోవడం ఆమెకు బాధగానే ఉంది గానీ, వేదిక మీద నాన్న టోపీ సర్దుకోవడం, మళ్ళీ సర్దుకోవడం చూస్తుంటే ఎవరి పద్ధతైనా ఫరవాలేదనిపించింది. ఫెర్గస్ తనది ఎక్కించి, చొక్కా చేతులు కిందికి లాక్కుని, గోడ తెర వైపు చేయి చూపించాడు. తెర ఒకసారి ఆరి, వెలిగింది.

'వెరా పాస్కో.'

ముందు వరుసలో నెరిడా అమ్మ ఫోన్ టింగుమంది. "నాకెందుకొచ్చిందిరా దేవుడా?" అంది వెరా.

హాల్లో తలలన్నీ వెరా వైపు తిరిగాయి. పిలిచేవాడి ఇంటికి ట్రే వెళ్ళకూడదన్న రూలు నెరిడాకు తెలియనిది కాదు. ప్రోగ్రామ్‌కు చెప్పడం మరిచిపోయింది.

"క్లారీ," అంది నోలీన్ మెల్లగా. "నిన్నేమీ అనడం లేదు. కానీ ఇంతమందిని తిప్పి తిప్పి, ఆఖరికి మీ ఇంటికొచ్చి ఆగిందేంటి?"

"కూతురేగా రాసింది," అన్నారెవరో వెనక నుంచి.

క్లారీ తల మీది టోపీ తీశాడు. దాన్ని చాప్సు ట్రే పక్కన పెట్టాడు. నుదుటి మీద టోపీ అంచు పడిన గీత ఎర్రగా కనిపిస్తోంది. "నేను చదివాను, అంతే," అన్నాడు చివరికి. ఆ గొంతు రెండో వరుస దాకా కూడా వినబడలేదు. ఆ గొంతుకు అలా జరగడం నెరిడా ఎప్పుడూ చూడలేదు. 

లేచి వెళ్ళి మైకు అందుకుంది. ఏం చెప్పాలో తెలియదు. ఏం అడగాలో మాత్రం తెలుసు.

"అందరూ ఫోన్లు బోర్లా పెట్టండి. ఫెర్గస్, గోడ మీద తెర ఆపెయ్. నాన్నా, టాబ్లెట్ కింద పెట్టు. దయచేసి ఎవరూ ఏమీ చూడొద్దు."

గొణుక్కుంటూనే పెట్టారు. బార్ వెనక ఫ్రిజ్ రొద తప్ప ఏమీ వినబడలేదు. ఒక్క ఫోనూ మోగలేదు, ఒక్క మనిషీ లేవలేదు.

"ఇప్పుడు నోలీన్, నువ్వొక్కదానివే ఒక్కసారి చూడు."

నోలీన్ చూసింది. టింగ్. మూలనున్న పోస్టాఫీసు ఉద్యోగి లేచాడు.

"మళ్ళీ."

టింగ్. ఆయన కూర్చున్నాడు, ఆయన బావమరిది లేచాడు.

"భలే ఉందే ఇది," అంది నోలీన్, అడక్కుండానే మూడోసారి చూస్తూ.

నెరిడాకు పొద్దుటి ఫ్రిజ్ మాట గుర్తొచ్చింది. లాప్‌టాప్ దగ్గరకు పరిగెత్తి, తాను రాసిన ఆ ముచ్చటైన చిన్న గెట్టర్ లోపల ఏముందో చదివింది. మూడు వారాలుగా దాని వాలకం గురించి పోట్లాడిందే గానీ, లోపలికి తొంగి చూడలేదు. విజేత ఎవరని అడిగితే అది ఒక చీటీ తీస్తుంది, వాళ్ళకు సందేశం పంపుతుంది, పేరు చెబుతుంది. చెప్పి ఊరుకుంటుంది. ఆ పేరును ఎక్కడా దాచుకోదు. ఆఫీసులో వందసార్లు చూసినప్పుడు వందసార్లూ ఒక పేరు వచ్చింది. అదే పేరు మళ్ళీ వస్తుందా అని ఆమె ఒక్కసారైనా చూడలేదు.

"మీరు ఎవరు గెలిచారని అడుగుతున్నారు," అంది మైకులో. "ఇదేమో చెప్పడం లేదు, అడిగినప్పుడల్లా కొత్తగా చీటీ తీస్తోంది. లోపల గెలిచినవాళ్ళెవరూ లేరు. మా నాన్న మూడుసార్లు చదివాడు, అది మూడుసార్లు తీసింది. తప్పు మా నాన్నది కాదు. అలా రాసింది నేను. రూలు మరిచిపోయిందీ నేనే."

"మరి ఆ కుర్రాడు బాగుచేశానన్నాడుగా?" అన్నాడు గావిన్. ట్రే కొస ఇంకా వదల్లేదు.

ఫెర్గస్ తన ప్రోగ్రామ్ తెరిచి చూసుకుంటున్నాడు. అతని మొహంలో పెళ్ళికళ పోయింది. నిండైన పేరూ ఉంది, బ్రాకెట్లు రెండూ ఉన్నాయి. వాటి లోపల ఒకే ఒక్క వరుస ఉంది. ఆ వరుస వెళ్ళి నెరిడా గెట్టర్‌నే అడుగుతోంది.

"నాది కూడా అంతే," అన్నాడు గొంతు సవరించుకుని. "కాకపోతే బాహాటంగా చేస్తుంది."

ముందు నవ్వింది వెరా. తర్వాత హాలంతా నవ్వింది. నోలీన్ వేదిక ఎక్కి, టోపీ తీసి, క్లారీ నెత్తిన తనే పెట్టింది. "పెట్టుకో. నెత్తికి చలేస్తుంది," అంది. ఆవిడ నోట క్షమాపణ అంటే అంతకన్నా రాదు. క్లారీ టోపీ సరిగ్గా ఉన్నా ఇంకోసారి సర్దుకున్నాడు, కళ్ళు తుడుచుకోవడానికి అది సాకు.

"ఇంతకీ చాప్సు ఎవరివి?" అన్నాడు హెంక్.

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పేరొచ్చి కూడా లేవనివాళ్ళు హాల్లో ఎవరైనా ఉన్నారా అని చూస్తే, ఒక్కరే కనిపించారు. హీటర్ పక్కన ఐవీ ట్రెంబాత్.

"ఐవీ, మొట్టమొదట పిలిచింది నిన్నే కదమ్మా! ఎందుకు లేవలేదు?" అంది నోలీన్.

"విన్నాను. ఒక్కసారే పిలిచాడు," అంది ఐవీ. "మూడుసార్లు పిలిస్తే కదా రూలు."

క్లారీ టాబ్లెట్ ముట్టుకోలేదు. ఊపిరి పీల్చుకుని, పాత గొంతుతో, పేరు రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. అప్పుడు లేచింది ఐవీ.

సోమవారం పొద్దున ప్రూ ఇద్దర్నీ పిలిచింది. "ఇంతకీ ఎవరి పద్ధతి?"

"ఫెర్గస్‌ది. పని జరిగేచోట పని జరుగుతోందని కనబడాలి," అంది నెరిడా.

"నెరిడాది. ఎన్ని బ్రాకెట్లు తగిలిస్తే ఏంటి, నేను లోపల చూశానా?" అన్నాడు ఫెర్గస్.

అప్పటినుంచి ఇద్దరూ ఎదుటివాళ్ళ పద్ధతే గొప్పదని పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. ప్రూ కింద కొట్టు వైపు చూపించాక గానీ రాజీకి రాలేదు. చీటీ తీసేదానికి నిండైన పేరూ బ్రాకెట్లూ ఉంటాయి, అది ఒక్కసారే తీసి పేరు లోపల దాస్తుంది. ఎవరు గెలిచారని చూసేదానికి చుక్క చాలు, అది చూడటం తప్ప ఇంకేమీ చేయదు. పాస్కోల ఇల్లు చీటీల్లోంచి తీసేశారు.

మధ్యాహ్నం నోలీన్ ఫోన్ చేసింది. కొత్త ప్రోగ్రామ్ బాగుందట. కానీ క్లబ్బులో ఒక కోరిక ఉందట.

"అమ్మాయ్, ఆ పాత తప్పుంది చూడు. అది మళ్ళీ పెట్టగలవా? చివరి ట్రేకి మాత్రం. ఇలాంటి శుక్రవారం చూసి ఎన్నాళ్ళయిందో అంటున్నారంతా."

నెరిడా పెట్టింది. ఈసారి మాత్రం 'ఎవరు తట్టినా కొత్త పేరు తీసే ఆట' అని పేరు పెట్టి, బ్రాకెట్లు తగిలించింది. పేరు కొంచెం పొడుగైందని ఫెర్గస్ వ్యాఖ్య రాశాడు.

ఆట రూలు తేలిక. తెర మీద పేరు వస్తుంది. మళ్ళీ ఎవరైనా తట్టేలోపు ఆ మనిషి "నేనే" అని అరిస్తే ట్రే వాళ్ళది. ఇందులో మోసం చేయడం ఎవరి తరమూ కాదు కాబట్టి, దీనికి పిలిచేవాడి ఇల్లు కూడా ఉండవచ్చని కమిటీ తీర్మానించింది. తీర్మానం విన్న క్లారీ ఆ శుక్రవారం ఇంటి నుంచి ఒక ఖాళీ సంచీ తెచ్చుకున్నాడు.

చివరి ట్రే సాసేజీలది. క్లారీ టాబ్లెట్ తట్టాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత జన్మలో ఎన్నడూ పిలవని పేరు, హాలు అదిరిపోయేలా పిలిచాడు.

"క్లారీ పాస్కో!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. వెరా సంచీ పట్టుకుని లేచింది. నెరిడా కళ్ళు చెమర్చాయి. 'నేనే' అని ఒక్క మాట అంటే చాలు. క్లారీ చిరునవ్వుతో జనం వైపు చూశాడు, ఈలోగా టాబ్లెట్ కునుకు తీసింది, ఆయన వేలు దానంతటది వెళ్ళి ఒకటి తట్టింది, నోరు దానంతటది తెరుచుకుంది.

"ఐవీ ట్రెంబాత్!"

ఈసారి ఐవీ మూడోసారి దాకా ఆగలేదు.